పచ్చయప్ప మొదలియారు గారి చరిత్రము - మరణశాసన విచారము

ధనార్జనము కష్టము. ఆర్జించిన దానిని కాపాడుట అంతకంటె కష్టము. తన తదనంతరము ఆ ధనము తాను కోరిన త్రోవను నడచునట్లు కట్టుదిట్టము చేయుట అన్నిటికంటెను కష్టము. ఈ మూడవ కార్యమునందు మన కుటుంబములు చూపుచున్న అశ్రద్ధను తలచియే ఈ మహాసభా సంచికకు మేము పచ్చయప్ప మొదలియారు గారి జీవితమును ఎన్నుకొంటిమి. వారు తెలుగువారు కారు. మన సంఘమున పుట్టినవారును కారు. అయినను 1953 వఱకు తెలుగువారికిని రాజధానియై యుండిన చెన్నపట్టణమున వారి పేరు వినని విద్యావంతుడు లేడు. మంచి యెక్కడ నున్నను గ్రహించుట మన పెద్దలు నేర్పిన మర్యాద.

పచ్చయప్ప గారు 1754వ సంవత్సరమున చెన్నపట్టణమునకు ఉత్తరముగా నున్న పెరియపాళెమున జన్మించిరి. వారు కన్నులు తెఱవకమునుపే తండ్రి గతించెను. దిక్కులేని తల్లి పట్టణము చేరగా నారాయణ పిళ్ల గారను దుబాషీ ఆ కుటుంబమును ఆదరించెను. ఆయన నీడనే పచ్చయప్ప గారు ఇంగ్లీషును, లెక్కలను, వర్తకపు మెలకువలను నేర్చిరి. పిన్నవయసుననే దుబాషీయై దొరల నమ్మకమును సంపాదించిరి. పిమ్మట తంజావూరు సంస్థానముతో పెద్ద మొత్తముల లావాదేవీలు నడపి కోటీశ్వరుల వరుసలో నిలిచిరి. ధనము పెరిగినకొలది దైవభక్తియు దానగుణమును పెరుగుట వారియందలి విశేషము.

1794వ సంవత్సరము మార్చి 22వ తేదీన వారు మరణశాసనము వ్రాయించిరి. తమ ధనము దైవసేవకును ధర్మకార్యములకును వినియోగము కావలెనన్నది దాని సారము. తొమ్మిది దినములకే, మార్చి 31వ తేదీన, కావేరీతీరమందలి తిరువయ్యారున పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు నలువది యేండ్లు.

ఇచ్చటనే చదువరులు నిలిచి ఆలోచింపవలెను. సంకల్పము పవిత్రమైనది, ధనము సమృద్ధిగా నున్నది, పత్రమును వ్రాయబడినది. ఐనను ధర్మము నడవలేదు. ఆస్తి వివాదములలో చిక్కుకొనెను. వ్యాజ్యము సాగుచుండగా న్యాయస్థానములే మారిపోయినవి: మేయరు కోర్టు పోయి 1798లో రికార్డరు కోర్టు, అది పోయి 1801లో సుప్రీము కోర్టు వచ్చెను. దాత మరణించిన దినమున పుట్టిన శిశువు నడివయసు దాటినను దాత కోరిక పూర్తిగా నెఱవేరలేదు.

తుదకు అడ్వొకేటు జనరలు జార్జి నార్టను దొర పట్టుదలవలనను, సుప్రీము కోర్టు ఉత్తరువువలనను దారి యేర్పడెను. లక్ష వరహాలు, అనగా మూడున్నర లక్షల రూపాయలు, దేవాలయ ధర్మములకు నిర్ణయింపబడెను. వడ్డీతో పెరిగి మిగిలిన సుమారు నాలుగున్నర లక్షలు విద్యకు వినియోగింపబడెను. హిందూ ధర్మకర్తల సంఘమొకటి యేర్పడెను. 1842వ సంవత్సరము జనవరి 1వ తేదీన పాఠశాల తెఱవబడెను. 1850లో ఎస్ప్లనేడునందు గొప్ప మందిరము వెలసెను. 1889లో ఆ విద్యాలయము మొదటి తరగతి కళాశాలయై, 1940లో చేట్పట్టునకు మారెను. మరణమునకును పాఠశాలకును నడుమ గడచినది నలువదియెనిమిది సంవత్సరములు! ఆ కాలమున చదువుకొని యుండవలసిన పేదబాలురు ఎందఱో చదువులేకయే పోయిరి. నష్టపడినది వారే.

తగవు తీర్పుడని మా యొద్దకు వచ్చు అన్నదమ్ములను, వితంతువులను చూచినపుడెల్ల మాకు ఈ చరిత్రమే జ్ఞాపకము వచ్చును. వీలునామా వ్రాయుట అపశకునమని కొందఱు భయపడుదురు. వ్రాసినవాడు చచ్చునని యేమియు లేదు, వ్రాయనివాడును చచ్చును. కావున ఆరోగ్యముగా నున్నపుడే వ్రాయవలెను. వ్రాసినవాని చేవ్రాలును, ఇద్దఱు సాక్షుల చేవ్రాళ్లును చట్టప్రకారము ఆవశ్యకములు. రిజిష్టరీ విధిగాకపోయినను మేలు. పిత్రార్జితమేది, స్వార్జితమేది విడదీసి చూపవలెను. 2005 నాటి చట్టసవరణవలన అవిభక్త కుటుంబపు ఆస్తియందు కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కు గలదని మఱవరాదు. నిర్వాహకుని అతని సమ్మతితోనే నియమించి, అతడు లేనిచో మఱియొకని పేరు వ్రాయవలెను. వీలునామా నిజమైనదని న్యాయస్థానము పరీక్షించి యిచ్చు అధికారపత్రమే ప్రొబేటు. పత్రము స్పష్టముగా నున్నచో అది సులభమగును. ధర్మనిధి పెట్టువారు ధర్మకర్తలను, లెక్కల తనిఖీని, ఖాళీ వచ్చినపుడు నియమించు విధమును ముందే నిర్ణయింపవలెను.

పచ్చయప్ప గారి దాతృత్వము మనకు ఆదర్శమగుగాక. వారి ధర్మము పడిన ఆలస్యము మనకు హెచ్చరిక యగుగాక. ఈ సభనుండి యిండ్లకు మరలు ప్రతి గృహస్థుడును, ఈ సంవత్సరము ముగియకమునుపే, భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని ఈ పని నెఱవేర్చునని మేము ఆశించుచున్నాము.