కాండ్రేగుల జోగిపంతులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరిరి. కత్తి పట్టిన వీరుల కథలు పెక్కుమంది వ్రాసియున్నారు. లెక్కలు వ్రాసి జీవించు నాకు కలము పట్టిన వాని కథ చెప్పవలెనని తోచినది.

1600 సంవత్సరమున లండను వర్తకులు కొందఱు కూడి స్థాపించిన సంఘమే ఈస్టిండియా కంపెనీ. వారు 1611లో మచిలీపట్టణమున కొట్లు పెట్టిరి. తరువాత మన బెండమూర్లంకలోను, ఇంజరములోను వర్తకము సాగించిరి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ కొట్లను పట్టుకొనెను. ప్రభుత్వము పరుల చేతిలో నున్నంతకాలము తమ సరకునకు రక్షణ లేదని వర్తకులు గ్రహించిరి. 1758 డిసెంబరులో పిఠాపుర ప్రాంతమున చందుర్తియొద్ద ఫ్రెంచివారి నోడించి, మఱుసటి యేడు మచిలీపట్టణపు కోటను గైకొనిరి.

అయినను సర్కారుల నన్నిటిని వెంటనే ఆక్రమింపలేదు. ముందు హక్కుపత్రము కావలెనని యెంచిరి. 1765 ఆగష్టు 12వ తేదీన క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలమువలన ఐదు సర్కారులకు ఫర్మానా పొందెను. దానిని కొన్ని నెలలు వెలిపుచ్చక, అదను చూచి 1766 మార్చిలో మచిలీపట్టణమున చాటించిరి. జనరల్ కాలియాడు కొండపల్లి దుర్గమును పట్టుకొనెను.

కాని పట్టా యొకరిది, అనుభవ మింకొకరిది. శిస్తు పుచ్చుకొను ప్రభువు హైదరాబాదు నిజాము ఆలీఖాను. ఆయన ఆగ్రహించి యుద్ధసన్నద్ధుడయ్యెను. చెన్నపట్టణపు గవర్నరు పాల్కు కలవరపడెను. వర్తకులు గదా, యుద్ధవ్యయమును ముందే లెక్కవేసికొనిరి. సంధియే చౌక యని తేలినది.

అప్పుడు కంపెనీ పక్షమున నిజాము దర్బారునకు రాయబారమునకు పోయిన తెలుగువాడే దుబాసి కాండ్రేగుల జోగిపంతులు. ఆయన వెనుక సేన యున్నను, ఆయన చేత నున్నది మాట మాత్రమే. ఇరుపక్షముల భాషయు, ఆశయు, భయమును ఎఱిగి మాటలాడుటయే దుబాసి పని. 1766 నవంబరు 12వ తేదీన సంధి కుదిరినది. నిజామునకు అవసరమైనపుడు కంపెనీ సైన్యసహాయము చేయవలెను. సైన్య మక్కఱలేని యేట, గుంటూరుతో గూడ అన్ని సర్కారులకు తొమ్మిది లక్షల రూపాయలు చెల్లింపవలెను. గుంటూరు నిజాము సోదరుడు బసాలతుజంగునకు జీవితాంతము విడువబడెను. 1788లో అదియు కంపెనీవశమయ్యెను. 1823లో నిజాము హక్కును మొత్తపు సొమ్మిచ్చి తీర్చివేసిరి. ఆంగ్లేయుల యేలుబడి 1947 వఱకు సాగినది.

జోగిపంతులు నెట్లు తలంపవలెను? యుద్ధము తప్పించి, పైరులును పల్లెలును సేనల కాళ్లక్రింద నలుగకుండ కాపాడినాడని యొకరనవచ్చును. పరాయివానికి ఇంటి తలుపు తీసినాడని మఱియొకరనవచ్చును. రెండును సత్యమే. తాను కుదిర్చిన బేరము ఎన్ని తరములను బంధించునో ఆయనకు తెలియుట కవకాశము లేదు. ఆయన తెలివిని మెచ్చుకొందును. ఆ తెలివి యెవరి పక్షమున వ్యయమైనదో తలంచి విచారింతును.

అంతకంటె నన్ను బాధించున దొకటి కలదు. ఆ సంధిపత్రమున మన లంకలు చేతులు మాఱినవి. మన రైతు నడిగినవాడు లేడు. తన శిస్తు పోయి చేరు ఖజానా మాఱినదని ఆతనికి పిదపగాని తెలిసియుండదు. నా వృత్తిలోను, చదువని కాగితముపై వ్రేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్నవారిని చూచినాను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్నది దానికి ప్రతిక్రియయే. బిడ్డలను ఇచ్చటికి పంపుడు. కాగితము చదువనేర్చిన గ్రామమును ఎవరును అడుగకుండ చేతులు మార్చజాలరు.