లెక్కలు రాసిన చేత్తోనే కీర్తనలు రాసిన రామదాసు



మన గోల్కొండ వీడియో చూశాక ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం చేస్తూనే భక్తి పాటలు రాసుకుంటున్నాడట. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టుంది, ఉద్యోగం మానేసి పూర్తిగా ఇటే వచ్చేయనా అన్నా అని అడిగాడు. వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. ఎందుకంటే నా పరిస్థితీ అదే. వారంలో అయిదు రోజులు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. శని, ఆదివారాలు భజన పాటల రికార్డింగ్. అందుకే ఇక్కడ సలహా ఇవ్వను, ఒక మనిషి జీవితం చెప్తాను. పేరు మీ అందరికీ తెలిసిందే. కానీ ఆయన ఉద్యోగం గురించి మనం పెద్దగా ఆలోచించం.

ఆయన కంచర్ల గోపన్న. మనం రామదాసు అని పిలుచుకునే ఆయన. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి, కాలం 17వ శతాబ్దం. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. అప్పుడు గోల్కొండను ఏలుతున్నది అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన కథల్లో వినే తానీషా. 1672లో గద్దెనెక్కాడు. ఆయన కొలువులో మంత్రులు అక్కన్న, మాదన్న. వాళ్ళు గోపన్నకి మేనమామలని చెబుతారు. అలా గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది.

తహసీల్దారు అంటే ఏం పని? ఊరూరా శిస్తు వసూలు చేయాలి, దానికి లెక్క రాయాలి, సొమ్ము గోల్కొండ ఖజానాకి పంపాలి. అంటే గోపన్న చేతిలో రోజూ ఉండేది తంబురా కాదు, లెక్కల పుస్తకం!

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రాచలం ఉంది. పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలికి అక్కడ రాముడి విగ్రహాలు దొరికాయని, ఆవిడ పందిరి వేసి తన దగ్గరున్న పండూ కాయా నైవేద్యం పెట్టేదని స్థల పురాణం. గోపన్న అది చూశాడు. రాముడు పందిరి కింద ఉండటం ఆయన మనసుకి పట్టలేదు. గుడి కట్టాలనుకున్నాడు. జనం దగ్గర చందాలు పోగుచేశాడు, అవి చాల్లేదు. చివరికి వసూలైన శిస్తు సొమ్ము గుడికి పెట్టేశాడు. మొత్తం ఆరు లక్షల వరహాలని సంప్రదాయం చెబుతోంది.

నిజం చెప్పాలంటే, ఇక్కడే నాకు చాలా ఏళ్ళు ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. చిన్నప్పుడు మా తాతయ్య ఈ కథ చెప్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి. అకౌంట్స్ ఉద్యోగంలో చేరాక మాత్రం అదే కథ వేరేలా వినిపించింది. ఖజానాకి చేరాల్సిన సొమ్ము అడక్కుండా వాడటం తప్పే కదా? దేవుడి కోసమైతే మాత్రం లెక్క మారుతుందా? భక్తుడి గురించి ఇలా ఆలోచించడం పాపమేమో అని ఎవరితోనూ అనలేదు.

తానీషా కూడా అదే అడిగాడు. గోపన్నని గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నాడంటారు. ఆ బందీఖానా ఇప్పటికీ ఉంది. గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు ఉన్నారు. వీడియో తీయడానికి వెళ్ళినప్పుడు అక్కడ నిలబడి కెమెరా ఆన్ చేయడం కూడా మర్చిపోయాను.

ఆ చీకట్లో పుట్టాయని చెప్పే పాటల్ని ఈసారి ఒక ఉద్యోగస్తుడి చెవితో వినండి. ఒక కీర్తనలో రాముడికి అచ్చంగా ఖర్చుల పట్టీ చదువుతాడు. భరతుడికి పచ్చల పతకం, దానికి ఇన్ని వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, దానికి ఇన్ని మొహరీలు. సీతమ్మకి చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. ఇవన్నీ ఎవరి సొమ్మనుకున్నావు, మీ నాన్న ఇచ్చాడా, మీ మామగారు పంపారా అని నిలదీస్తాడు. వెంటనే దెబ్బలకి తాళలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని బతిమాలతాడు. ఇంకో పాటలో నేరుగా రాముణ్ణి అడగడు. సమయం చూసి ఆయనతో నా మాట చెప్పమ్మా అని సీతమ్మని సిఫారసు అడుగుతాడు. మరో పాటలో ఎంత పిలిచినా పలకవేమని అలుగుతాడు. అర్జీ పెట్టి జవాబు కోసం కూర్చున్నవాడి బాధ తెలిసినవాడే ఆ పాట రాయగలడు.

అంటే ఉద్యోగం ఆయన పాటకి అడ్డు రాలేదు. ఆయన పాటకి భాషే అక్కడి నుంచి వచ్చింది. ఛందస్సు రాక కాదు సుమా! ఉత్పలమాల, చంపకమాల పద్యాలతో దాశరథీ శతకం రాసిన మనిషి. కానీ కీర్తన దగ్గరికి వచ్చేసరికి శిస్తు కట్టే రైతుకి అర్థమయ్యే తెలుగులో మాట్లాడాడు. అందుకే ఆ పాటలు కచేరీకి ఎంత నప్పుతాయో, ఊళ్ళో చెక్క భజనకీ అంతే నప్పుతాయి. ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. తర్వాతి కాలంలో త్యాగరాజస్వామి అంతటివారు ఈయన్ని తన కృతుల్లో తలచుకున్నారు.

ఇంకో సంగతి గమనించారా? ఆ ఖర్చుల పాటలో నేనేమీ ఎరగను అని ఆయన తప్పించుకోడు. ఖర్చు పెట్టింది నేనే, ఇదిగో లెక్క అంటాడు. కాకపోతే ఆ లెక్క తానీషాకి కాదు, రాముడికి అప్పజెప్పాడు.

మరి రాముడు ఏం చేశాడు? మనందరికీ తెలిసిన ఘట్టమే. కోట గోడలు కూల్చలేదు, నవాబుని శపించలేదు. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు బంట్ల రూపంలో అన్నదమ్ములిద్దరూ తానీషా దగ్గరికి వెళ్ళి, ఆరు లక్షలూ కట్టి, రసీదు తీసుకున్నారట. రసీదు! ఈ ముక్క మళ్ళీ చదివిన రోజున నా ముల్లు తీసేసినట్టయింది. భక్తుడు చేశాడు కాబట్టి బాకీ మాఫీ అని కథ చెప్పట్లేదు. ఖజానాకి రావాల్సింది ఖజానాకి చేరాకే గోపన్న బయటికొచ్చాడు. తప్పుని తప్పు అంటూనే ఆ మనిషిని వదిలెయ్యని దేవుడు మన రాముడు.

గోపన్న భద్రాచలం చేరాడు. తానీషా రాజ్యం 1687లో ఔరంగజేబు చేతికి పోయింది. కానీ శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతోనే మొదలైందంటారు. అది ఇప్పటికీ సాగుతోంది.

తమ్ముడూ, నీకు నా జవాబు ఇదే. ఉద్యోగం మానాలా వద్దా అన్నది నీ ఇంటి పరిస్థితిని బట్టి నువ్వే తేల్చుకో. కానీ ఆఫీసులో గడిచే రోజు పాటకి దండగ అని మాత్రం అనుకోకు. అక్కడ పడే మాట, రాని జవాబు, తేలని లెక్క అన్నీ పాటలోకి తెచ్చుకో. ఇంకొకటి, అక్కడి లెక్క మాత్రం శుభ్రంగా ఉంచుకో. మన బాకీ కట్టడానికి రామోజీ, లక్ష్మోజీలని రప్పించేంత భక్తి నాకైతే ఇంకా రాలేదు!

ఈసారి గోల్కొండ వెళ్తే సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు. ముందు ఆ గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. మళ్ళీ కలుద్దాం.

జై శ్రీరామ్!