పొలంలో చీటీలు వేయించిన శాస్త్రవేత్త - సర్ రోనాల్డ్ ఫిషర్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని సంపాదక వర్గం వారు కోరారు. నాయకుల గురించి, కవుల గురించి రాయడానికి నాకంటే సమర్థులైన మిత్రులు మనలో ఎందరో ఉన్నారు. వ్యవసాయ పరిశోధనలో మళ్లు కొలిచి, దిగుబడులు తూచి, పట్టికలు నింపి పదవీ విరమణ చేసినవాడిని నేను. కనుక నా ఉద్యోగ జీవితమంతా ఎవరు చూపిన పద్ధతిలో నడిచిందో ఆ మహానుభావుని పరిచయం చేయడమే నాకు తగిన పని అనిపించింది. ఆయన పేరు రోనాల్డ్ ఐల్మర్ ఫిషర్.

ఫిషర్ 1890 ఫిబ్రవరి 17న లండన్‌లో జన్మించారు. తండ్రి కళాఖండాల వేలం వ్యాపారి. పద్నాలుగో ఏట తల్లి మరణించారు. ఆ తరువాత కొద్దికాలానికే తండ్రి వ్యాపారం కూలిపోయింది. చదువు స్కాలర్‌షిప్పుల మీదనే సాగింది. దానికి తోడు చిన్ననాటి నుంచీ చూపు చాలా మందం. దీపం వెలుతురులో చదవకూడదని వైద్యులు చెప్పడంతో, సాయంత్రం వేళ కాగితం, పెన్సిలు లేకుండానే లెక్కలు నేర్చుకోవలసి వచ్చింది. ఆ లోపమే ఆయనకు వరమైంది. ఎంత క్లిష్టమైన లెక్కనయినా బొమ్మగా మనసులో నిలుపుకొని, జవాబును చూసి చెప్పే శక్తి అలవడింది.

1912లో కేంబ్రిడ్జిలో గణితంలో పట్టా పుచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరబోతే చూపు కారణంగా తిప్పి పంపారు. కొన్నేళ్లు బడిపంతులుగా పనిచేశారు. 1919లో రెండు దారులు ఎదురయ్యాయి. ఒకటి లండన్‌లో కార్ల్ పియర్సన్ అనే పెద్దాయన దగ్గర ఉద్యోగం. రెండోది హార్పెండెన్ అనే ఊళ్లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం. ఫిషర్ రెండోదే ఎంచుకున్నారు. తాత్కాలికంగా చేరినవాడు పద్నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాడంటే, ఆ అనుభవం తెలిసిన మన మిత్రులు కొందరు నవ్వుకుంటారు.

రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే పొలంలో ఏటా గోధుమ వేసి, ఏ చెక్కకు ఏ ఎరువు వేశారో, ఎంత పండిందో రాసి పెట్టారు. డెబ్బై అయిదేళ్ల పైబడిన ఆ లెక్కల నుంచి ఇంకేమైనా రాబట్టగలరేమో చూడమని ఫిషర్‌కు అప్పగించారు. ఆయన రాబట్టారు. ఎరువు వల్ల వచ్చిన తేడా ఎంత, వానల వల్ల ఎంత, భూసారం క్రమంగా తగ్గడం వల్ల ఎంత అని విడదీసే పద్ధతులు కనిపెట్టారు. అయితే అంతకన్నా పెద్ద సంగతి ఒకటి గ్రహించారు. ప్రయోగం సరిగా వేయకపోతే పంట కోసిన తరువాత ఎంత గణితం చేసినా లాభం లేదు. గణాంక శాస్త్రజ్ఞుడిని విత్తనం వేయకముందే పిలవాలి గాని, కోతలయ్యాక కాదు.

దీన్ని మన వరి పొలంలో పెట్టి చెబుతాను. నాలుగు వరి రకాల్లో ఏది మేలో తేల్చాలి. ఒక్కొక్క రకాన్ని ఒక్కొక్క మడిలో వేసి తూచితే చాలదా అనిపిస్తుంది. చాలదు. కాలువ పక్క మడికి నీరు ముందు అందుతుంది. పల్లపు మడిలో ఒండ్రు నిలుస్తుంది. మూలనున్న మడికి చవుడు ఉండవచ్చు. గెలిచింది రకమో, మడో తెలియదు. ఫిషర్ దీనికి మూడు సూత్రాలు చెప్పారు. ఒకటి, ప్రతి రకాన్నీ పలుచోట్ల మళ్లీ మళ్లీ వేయాలి. అప్పుడే మడికీ మడికీ సహజంగా ఉండే తేడా ఎంతో తెలుస్తుంది. రెండు, పొలాన్ని ఒకే తీరు నేల ఉన్న బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఉండేట్టు చూడాలి. మూడు, బ్లాకులో ఏ రకం ఏ మడిలోకి వెళ్లాలన్నది మనిషి నిర్ణయించకూడదు, చీటీ నిర్ణయించాలి.

ఈ మూడోదే ఆయన అసలైన కానుక అని నా నమ్మకం. పెద్దలకు నచ్చిన రకానికి కాలువ పక్క మడి దక్కేట్టు చూడమని చూచాయగా చెప్పిన సందర్భాలు నా సర్వీసులో ఉన్నాయి. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. అటువంటప్పుడు నా వంటి చిన్న ఉద్యోగి ఎదురు చెప్పలేడు. కాని చీటీల ప్రకారం మళ్లు కేటాయించామని, ప్లాను కాగితం అప్పుడే పైకి పంపామని వినయంగా చెప్పగలిగాను. చీటీకి హోదా తెలియదు, మొహమాటం లేదు. పైవాడి ఇష్టం నుంచే కాదు, మన సొంత ఇష్టం నుంచి కూడా అది మనల్ని కాపాడుతుంది.

మరొక మాట. ఒకసారి ఒక అంశాన్నే మార్చి చూడాలన్నది ఆనాటి పెద్దల బోధ. ఫిషర్ 1926లో దీన్ని కాదన్నారు. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటినీ వేయడం, మానడం అని తీసుకుంటే ఎనిమిది కలయికలు వస్తాయి. ఎనిమిదీ ఒకే ప్రయోగంలో వేస్తే ప్రతి మడీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతుంది. పైగా భాస్వరం ఉన్నప్పుడే నత్రజని బాగా పనిచేస్తుందా అన్న నాలుగో రకం ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. విడివిడిగా వేస్తే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు.

1935లో ఆయన రాసిన ప్రయోగ రచన గ్రంథంలో టీ కథ ప్రసిద్ధం. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అన్నారు. ఫిషర్ ఎనిమిది కప్పులు పెట్టమంటారు. నాలుగింట పాలు ముందు, నాలుగింట టీ ముందు. వరస చీటీ ప్రకారం. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచడానికి 70 మార్గాలున్నాయి. కనుక ఊహించి అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒకటే. కాని మూడు సరిపోయి ఒకటి తప్పినా చాలనుకుంటే, ఊహతో నెగ్గే అవకాశం 70లో 17కు పెరుగుతుంది. అంటే దాదాపు నాలుగింట ఒకటి. ఎంత రుజువు కావాలో ముందే తేల్చుకోవాలన్నది నీతి.

ఈ పద్ధతి పొలం గట్టు దాటింది. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో జరిపిన పరీక్షలో రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మనం రోజూ మింగే బి.పి., షుగరు మాత్రలు సైతం అటువంటి పరీక్షలు దాటి వచ్చినవే. రసాయన పరిశ్రమలో ఉష్ణోగ్రత, పీడనం ఎంత ఉంచాలో తేల్చడానికి జార్జ్ బాక్స్ ఇదే దారిని విస్తరించారు. ఆయన తరువాత ఫిషర్ కుమార్తె జోన్‌ను వివాహమాడారు. ఫిషర్ జీవిత చరిత్ర రాసింది ఆమే.

మన దేశంతో ఫిషర్‌కు గట్టి బంధం. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక మహాసభకు ఆయనే అధ్యక్షులు. మహలనోబిస్ నెలకొల్పిన సంస్థలో ఆర్.సి. బోస్ వంటి వారు ఈ ప్రయోగ రచనకు గణిత పునాదులు వేశారు. 1954లో వెలువడిన పాన్సే, సుఖాత్మే గ్రంథం మా వ్యవసాయ శాఖల వారికి నిత్య పారాయణం. మన తెలుగువారికి మరింత గర్వకారణం ఒకటుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్దనే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. రావుగారు నూట రెండేళ్లు జీవించి 2023లో కన్నుమూశారు.

గొప్పలు చెప్పి లోపాలు దాచడం జీవిత చరిత్ర కాదు. ఫిషర్ మహా కోపిష్ఠి. పియర్సన్‌తోనూ, తరువాత మరికొందరితోనూ జీవితాంతం వైరం నడిపారు. మనుషుల్లో మేలు జాతి, నాసి జాతి ఉంటాయన్న యూజెనిక్స్ వాదాన్ని బలపరిచారు. ఆ కారణంగానే ఆయన చదివిన కేంబ్రిడ్జి కళాశాల, ఆయన స్మారకంగా పెట్టిన గాజు కిటికీని తొలగించాలని 2020లో నిర్ణయించింది. పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల కేన్సరు వస్తుందని 1950లో డాల్, హిల్ అనే పరిశోధకులు చూపితే, ఫిషర్ ఒప్పుకోలేదు. ఎవరు పొగతాగాలో చీటీ వేసి నిర్ణయించలేదు గనుక, పుట్టుకతో వచ్చిన గుణమేదో రెంటికీ కారణం కావచ్చునని వాదించారు. తర్కం పైకి సరైనదే. కాని మనుషులకు చీటీలు వేసి పొగ తాగించలేము. అటువంటప్పుడు పలు దిక్కుల నుంచి వచ్చే సాక్ష్యాన్ని కూర్చి తూచాలి. ఆ తూకంలో ఆయన ఓడిపోయారు. ఆయన స్వయంగా పైపు తాగేవారు, పొగాకు ఉత్పత్తిదారులకు సలహాదారుగా కూడా ఉన్నారు. మన ఇష్టం మన తీర్పును ఎలా వంచుతుందో లోకానికి నేర్పినవారే తన విషయంలో చీటీ వేసుకోలేకపోయారు.

1952లో సర్ బిరుదు పొందిన ఫిషర్, చివరి రోజులు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గడిపి 1962 జులై 29న మరణించారు.

పదవీ విరమణ చేసిన మనకు ఈ శాస్త్రంతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. ఫలానా కషాయంతో షుగరు పోయిందని, ఫలానా కంకణంతో మోకాళ్ల నొప్పి తగ్గిందని మన సమావేశాల్లోనే వింటున్నాం. అప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. ఎంతమందికి ఇచ్చారు? ఇవ్వనివారితో పోల్చారా? ఎవరికివ్వాలో ఎవరు నిర్ణయించారు? జవాబులు లేకపోతే జేబులోని పెన్షను డబ్బు జేబులోనే ఉంచుకొని, డాక్టరుగారు రాసిన మాత్ర వేళకు వేసుకుందాం. ఫిషర్‌కు మనం చెల్లించగల గురుదక్షిణ అదే.