సగటును ఆశ్రయించిన గణకుడు: బెంజమిన్ గ్రాహం

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు బెంజమిన్ గ్రాహం పేరు కొత్తది కాదు. వాటాలకు విలువ కట్టే విద్యకు ఆయన పితామహుడని పాఠ్యగ్రంథాలు పేర్కొంటాయి. అయితే ఆ బిరుదు వెనుక ఒక వితంతువు పోగొట్టుకొన్న సొమ్ము, ఒక మేధావి స్వయంగా చవిచూసిన పరాభవం ఉన్నాయన్న సంగతిని ఆ గ్రంథాలు అంతగా చెప్పవు. ఏ సంస్థకైనా ఒక్క సంవత్సరపు లాభాన్ని చూసి వెల కట్టరాదని, అనేక సంవత్సరాల సగటును చూడాలని ఆయన ఎందుకు పట్టుబట్టారో ఆయన జీవితం తెలిసినవారికి బాగా బోధపడుతుంది. ఆ సూత్రం బ్యాంకుల విషయంలో మరింత అవసరమని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో ఆ మహనీయుని జీవితాన్ని, ఆ లెక్కను కలిపి చెప్పదలచాను.

గ్రాహం 1894వ సంవత్సరం మే నెలలో లండన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. అప్పటికి వారి ఇంటిపేరు గ్రాస్‌బామ్. పసివాడికి ఏడాది నిండేసరికి కుటుంబం న్యూయార్కుకు తరలిపోయింది. తండ్రి పింగాణీ సామాను వ్యాపారి. ఆ వ్యాపారంతో ఇల్లు సుభిక్షంగానే ఉండేది. 1903లో ఆయన చిన్న వయస్సులోనే కన్నుమూయగా ముగ్గురు మగపిల్లల భారం తల్లి మీద పడింది. ఆమె ఇంట్లో అద్దెకు మనుషులను పెట్టుకొని భోజన వసతి కల్పించి చూసింది. అది గిట్టుబాటు కాలేదు. మిగిలిన కొద్ది సొమ్ముతో, దళారి వద్ద అప్పు తీసుకొని మరీ, యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ వాటాలు కొన్నది. 1907లో న్యూయార్కు బ్యాంకుల వాకిళ్ల ముందు జనం బారులు తీరిన సంక్షోభంలో ఆ సొమ్మంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజులలో తల్లి ఇచ్చిన చెక్కును తీసుకొని బ్యాంకుకు వెళ్లిన బాలుడు, ఐదు డాలర్లకైనా ఆమెను నమ్మవచ్చునా అని అక్కడి ఉద్యోగులు తమలో తాము తర్కించుకోవడం విన్నాడు. ఆ అవమానాన్ని ఆయన వృద్ధాప్యంలో తన జీవితకథ రాసుకొనేదాకా మరచిపోలేదు.

చదువులో ఆయన అసాధారణుడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1914లో పట్టం పుచ్చుకొనేనాటికి ఆంగ్ల సాహిత్యం, తత్త్వశాస్త్రం, గణితం అనే మూడు శాఖల వారూ ఆయనను అధ్యాపకుడిగా రమ్మని ఆహ్వానించారు. ఇంటి పరిస్థితి అందుకు అనుకూలించలేదు. వాల్ స్ట్రీటులోని ఒక దళారీ సంస్థలో వారానికి 12 డాలర్ల జీతంతో చేరారు. సాహిత్యాభిలాష మాత్రం చివరిదాకా విడువలేదు. 1934లో ఆయన రాసిన ఒక నాటకం న్యూయార్కు రంగస్థలం ఎక్కి కొద్ది ప్రదర్శనలకే మూతపడింది. ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన గ్రంథం కూడా ఆ ఏడే వెలువడడం ఒక చమత్కారం.

1926లో మిత్రుల సొమ్మును కూర్చి ఆయన ఒక నిధిని నెలకొల్పారు. 1929 ఆరంభానికి అది సుమారు 25 లక్షల డాలర్లకు ఎదిగింది. ఆ సంవత్సరం అక్టోబరులో మార్కెట్టు కూలింది. 1930లో, గడ్డుకాలం గడిచిపోయిందని నమ్మి గ్రాహం అప్పు సొమ్ముతో వాటాలు అట్టిపెట్టుకొన్నారు. గడ్డుకాలం గడవలేదు. 1932 ముగిసేసరికి నిధిలో దాదాపు 70 శాతం హరించిపోయింది. తల్లిని ముంచిన అప్పే, ఇంత చదువు చదివిన కొడుకును కూడా ముంచడం గమనింపదగిన విషయం. ఆయన నిధిని మూసివేయలేదు. ఏళ్ల తరబడి ప్రతిఫలం పుచ్చుకోకుండా పనిచేసి మిత్రుల నష్టాన్ని పూడ్చారు.

ఈ దుర్దశలోనే ఆయన కొలంబియాలో సాయంకాలపు తరగతులు నడిపేవారు. 1928లో మొదలైన ఆ తరగతులలో డేవిడ్ డాడ్ అనే యువ అధ్యాపకుడు శ్రద్ధగా రాసుకొన్న పాఠాలే 1934లో ఇద్దరి పేరిట 'సెక్యూరిటీ అనాలిసిస్' అనే ఉద్గ్రంథంగా రూపుదిద్దుకొన్నాయి.

ఆ గ్రంథంలోని ఒక ముఖ్య బోధ ఇది. వాటాకు ఆర్జన ఎంత అని అడిగినప్పుడు నిన్నటి సంవత్సరపు అంకె చాలదు. కనీసం ఐదేళ్లు, వీలైతే ఏడు లేక పదేళ్ల ఆర్జనను కూడి సగటు తీయాలి. ఆ సగటుకు 16 రెట్లకు మించి వెల పెట్టినవాడు మదుపు చేయడం లేదు, జూదమాడుతున్నాడని ఆనాటి ఆయన తీర్పు. 1940 నాటి కూర్పులో ఆ హద్దును 20 రెట్లకు సడలించారు. పదేళ్లు ఎందుకంటే, వ్యాపారంలో మంచి రోజులూ చెడ్డ రోజులూ ఒక చుట్టు తిరిగి రావడానికి సాధారణంగా అంత కాలం పడుతుంది గనుక.

ఇక బ్యాంకుల ముచ్చట. బట్టల దుకాణదారు సరుకు అమ్మితే లాభం చేతికి వచ్చినట్లే. బ్యాంకు సంగతి అలా కాదు. అది నేడు అప్పిచ్చి నేటి నుంచే వడ్డీని లాభంలో రాసుకొంటుంది. ఆ అప్పు వసూలవుతుందో లేదో నాలుగైదేళ్లకు గాని తేలదు. కాబట్టి అప్పులు విచ్చలవిడిగా ఇచ్చిన సంవత్సరమే బ్యాంకు లాభం ఎక్కువగా కనిపించే సంవత్సరం. పైగా బ్యాంకు నడిచేది ఇతరుల సొమ్ముతో. ఆస్తులు 100 రూపాయలుంటే వాటాదారుల స్వంత మూలధనం 8 రూపాయలే అనుకొందాం. ఆస్తులలో ఒక్క రూపాయి మునిగినా మూలధనంలో ఎనిమిదో వంతు పోయినట్లే. ఇట్టి వ్యాపారంలో ఒక మంచి సంవత్సరం చెప్పే సాక్ష్యం ఏపాటిది?

ఊహకు ఒక బ్యాంకును తీసుకొందాం. నేటి రూపాయలలో లెక్కిస్తే ఎనిమిదేళ్లు వాటాకు 12 రూపాయల చొప్పున లాభం, రెండేళ్లు 20 రూపాయల చొప్పున నష్టం. వాటా ధర 120 రూపాయలు. నిరుటి లాభం 12 చూసినవాడు వెల పది రెట్లే కదా, చవక అనుకొంటాడు. పదేళ్లూ కూడినవాడికి 96లో 40 పోగా 56 మిగులుతుంది. సగటు 5 రూపాయల 60 పైసలు. ధర దానికి 21 రెట్లకు పైమాట. చవక అన్నది అక్కడితో మాయమవుతుంది.

గ్రాహం కళ్ల ముందు దీనికి నిలువెత్తు నిదర్శనం ఉండేది. న్యూయార్కులోని నేషనల్ సిటీ బ్యాంకు 1920వ దశకంలో డిపాజిట్లు తీసుకోవడంతో పాటు, తన అనుబంధ సంస్థ ద్వారా దేశమంతటా బాండ్లు, వాటాలు అమ్మేది. 1929లో ఆ బ్యాంకు వాటా 580 డాలర్ల దాకా ఎగబాకింది. మాంద్యం ముదిరినాక ఇరవై డాలర్ల ప్రాంతానికి పడిపోయింది. 1930 నుంచి 1933 వరకు అమెరికాలో సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. ఆ కాలంలో జాతీయ బ్యాంకు కూలితే వాటాదారు పెట్టిన సొమ్ము పోవడమే గాక, వాటా ముఖవిలువ మేరకు మళ్లీ చెల్లించవలసిన బాధ్యత కూడా చట్టరీత్యా ఉండేది. 1929 నాటి లాభాన్ని నమ్మి కొన్నవాడు ఎక్కడికి చేరాడో ఊహించుకోవచ్చు.

సగటు తీయడంలో మరొక చిక్కు ఉంది. పదేళ్ల కిందటి రూపాయి, నేటి రూపాయి ఒకటి కావు. కాలాన్ని బట్టి పొడవు మారే గజం బద్దతో బట్ట కొలిచినట్లు, డబ్బుతో విలువను కొలవడంలోని ఈ లోపం గ్రాహంను జీవితమంతా బాధించింది. నిత్యావసర సరుకులను గిడ్డంగులలో నిల్వచేసి వాటి ఆధారంగా నాణెం చలామణీ చేస్తే ధరలు నిలకడగా ఉంటాయని ఆయన 1937లో ఒక పుస్తకం, 1944లో మరొక పుస్తకం రాశారు. ప్రభుత్వాలు చెవిని పెట్టలేదు. తన రచనలన్నింటిలో ఇవే ప్రజలకు ఎక్కువ మేలు చేస్తాయని ఆయన ఆశించడం, లోకం మాత్రం ఆయనను వాటాల గురువుగానే స్మరించడం కొంత విచారకరం.

అయినా తన సగటు లెక్కలో ద్రవ్యోల్బణాన్ని సవరించే పనిని గ్రాహం పూర్తి చేయలేదు. 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు, గ్రాహం, డాడ్‌ల సలహాను పేర్కొంటూనే, దానికి ధరల సూచికను జోడించారు. పద్ధతి సులభం. పదేళ్ల కింద వాటాకు 5 రూపాయలు ఆర్జించినప్పుడు ధరల సూచిక 100 ఉండి నేడు 180 అయితే, ఆ 5 రూపాయలను 9 రూపాయలుగా ఎంచాలి. ప్రతి సంవత్సరపు ఆర్జననూ ఇట్లే నేటి రూపాయలలోకి మార్చి సగటు తీయాలి. ధరలు పడిపోయిన కాలంలో ఇది తిరగబడుతుంది. 1929 నుంచి 1933లోగా అమెరికాలో వస్తువుల ధరలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అప్పుడు పాత లాభాలను పెంచడం కాదు, తగ్గించి లెక్కించాలి. షిల్లర్‌కు 2013లో నోబెల్ బహుమానం లభించింది.

గ్రాహం కడపటి సంవత్సరాల గురించి విస్తరించను. 1948లో ఆయన నిధి గైకో అనే బీమా కంపెనీలో సగం వాటాలు కొన్నది. ఆ ఒక్క కొనుగోలు మిగిలిన వ్యాపారమంతటి కంటే ఎక్కువ లాభం తెచ్చింది. ఇన్ని సూత్రాలు బోధించినవాడికి ఒక్క అదృష్టం అంత కలిసిరావడం ఆయనకే వింతగా తోచింది. 1949లో సామాన్య మదుపరుల కోసం మరొక గ్రంథం వెలువరించారు. శిష్యులలో వారెన్ బఫెట్ లోకప్రసిద్ధుడు. 1956లో వ్యాపారం చాలించి కాలిఫోర్నియాకు వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. స్పానిష్ నుంచి మారియో బెనెడెట్టి నవలను ఆంగ్లంలోకి అనువదించారు. 1976 సెప్టెంబరులో ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో కన్నుమూశారు.

ఆయన మరణించిన ఏడే ఆ పాత నేషనల్ సిటీ బ్యాంకు సిటీబ్యాంకు అన్న పేరు ధరించింది. 1998లో విలీనంతో సిటీగ్రూప్ అయింది. 2006లో దాని లాభం సుమారు 2,150 కోట్ల డాలర్లు, వాటా ధర 55 డాలర్ల ప్రాంతం. 2008లో నష్టం సుమారు 2,770 కోట్ల డాలర్లు. 2009 మార్చిలో వాటా ఒక డాలరు కంటే దిగజారింది. ఇక్కడ ఒక సత్యాన్ని దాచకూడదు. 2006 చివర పదేళ్ల సగటు తీసినవాడు కూడా మోసపోయేవాడే, ఎందుకంటే ఆ పదేళ్లలో ఆ బ్యాంకుకు పెద్ద చెడ్డ సంవత్సరం తటస్థపడలేదు. చెడ్డకాలం లెక్కలోకి వస్తేనే సగటు కాపాడుతుంది. క్యాంప్‌బెల్, షిల్లర్‌లు ముప్పై ఏళ్ల సగటును కూడా పరిశీలించడంలోని ఔచిత్యం అదే. వేరొక ప్రమాదం తర్వాత కనిపించింది. నిలదొక్కుకొనే ప్రయత్నంలో సిటీగ్రూప్ వాటాల సంఖ్య సుమారు 500 కోట్ల నుంచి 2,900 కోట్లకు పెరిగింది. పాత లాభాలను మొత్తంగా కూడి సగటు తీస్తే అది గొప్పగా కనిపిస్తుంది. వాటాకు పంచి చూస్తే కొంచెమే. సగటు అన్నది ఒక సంస్థ స్వభావాన్ని తెలిపేదై ఉండాలి గాని, పొంతన లేని అంకెల కూడిక కారాదని గ్రాహం 1934లోనే హెచ్చరించి ఉన్నారు.

మన విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడదలిస్తే న్యూయార్కు దాకా పోనక్కరలేదు. భారతీయ స్టేట్ బ్యాంకు 2016-17లో 10,484 కోట్ల రూపాయల లాభం చూపింది. 2017-18లో మొండి బకాయిల కారణంగా 6,547 కోట్ల నష్టం. 2023-24లో 61,077 కోట్ల లాభం. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకొని వెల కడతారు? అయితే 1941లో నిజాం ప్రభుత్వం స్థాపించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న ఇందులో విలీనమైంది. ఆ తేదీకి ముందరి స్టేట్ బ్యాంకు విడి లెక్కలలో హైదరాబాదు బ్యాంకు లాభనష్టాలు ఉండవు. తర్వాతి లెక్కలలో కలిసి ఉంటాయి. కనుక పదేళ్ల సగటు తీయబూనినవారు అనుబంధ బ్యాంకులను కలుపుకొన్న ఏకీకృత లెక్కలను తీసుకొని, ప్రతి ఏటి అంకెను ఆ ఏటి వాటాల సంఖ్యతో భాగించిన పిమ్మటనే ధరల సూచిక వైపు చూడాలి.