వరి ఈనిక గుట్టు వెదికిన రామయ్య

తిరువూరు: విత్తనం కొనేటప్పుడు మన రైతు ముందు అడిగే మాట, ఇది ఎన్ని రోజుల పంట అని. పొలం చెరువు కింద ఉన్నా, సాగర్ ఎడమ కాలువ చివరన ఉన్నా, నీరు ఉండగానే వరి ఈని, పాలుపోసుకుని, గింజ గట్టిపడాలి. పొట్ట దశలో తడి అందకపోతే తాలు, గడ్డి మిగులుతాయి. ఆ రోజుల లెక్క విత్తనంలో ఎలా దాగి ఉంటుందో తొంభై ఏళ్ల క్రితమే తరచి చూసిన శాస్త్రవేత్త కృష్ణస్వామి రామయ్య. మనం పండించే సాంబమసూరి, స్వర్ణ రకాల పుట్టుకలో ఆయన కృషి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

రామయ్య 1892లో తమిళనాడులోని కీళక్కరైలో జన్మించారు. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చదివి, 1912లో అక్కడ నెలకొల్పిన వరి పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. అప్పటికి మన కృష్ణా జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ కేంద్రానికి పెద్ద పార్నెల్ అనే ఆంగ్లేయుడు. వరిలో గుణాలు ఒక తరం నుంచి మరో తరానికి ఎలా దిగుతాయో వివరిస్తూ పార్నెల్, రంగస్వామి అయ్యంగారు, రామయ్య కలిసి 1917లో పరిశోధన వ్యాసం వెలువరించారు. ఆ కేంద్రం నుంచే 1921లో జి.ఇ.బి. 24 అనే సన్నరకం విడుదలయింది. కోనామణి రకం పైరులో తనంతట తానే మారిన మొక్క దానికి మూలం. తర్వాత రామయ్యే ఆ రాష్ట్ర వరి నిపుణుడయ్యారు.

ఈనిక ఎందుకు ముందువెనుకలవుతుంది?

పాతకాలపు దీర్ఘకాలిక రకాలను జూన్‌లో చల్లినా, జూలైలో చల్లినా దాదాపు ఒకే సమయానికి, పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో ఈనేవి. ఆలస్యంగా నాటితే పైరు ఎదిగే కాలం తగ్గి పిలకలు తక్కువగా వేసేవి. మరికొన్ని రకాలు పగటితో పనిలేకుండా తమ వయసు నిండగానే ఈనుతాయి. వీటిని ఆలస్యంగా నాటితే ఈనిక కూడా వెనక్కి జరిగి, చలికో నీటి ఎద్దడికో చిక్కుతుంది. ఒకే మడిలో పక్కపక్కన నాటినా రెండు రకాలకు ఇంత తేడా ఎందుకన్నదే రామయ్య పట్టుకున్న ప్రశ్న.

ఆయన తొందరగా ఈనే రకాలను, ఆలస్యంగా ఈనే రకాలతో సంకరపరచి, పిల్ల మొక్కలు ఏ రోజున ఈనాయో లెక్కకట్టారు. 1933లో ఆ ఫలితాలను ప్రచురించారు. ఈనే రోజు నేలను, నీటిని బట్టి మాత్రమే వచ్చేది కాదనీ, తల్లిదండ్రుల నుంచి దిగే గుణమనీ, ఎంచి కూర్చుకోవచ్చనీ అలాంటి కృషితోనే రుజువయింది. అది తేలాకే, ఫలానా ప్రాంతానికి ఇన్ని రోజుల పంట కావాలని తయారు చేయడం సాధ్యమయింది.

1930 దశకం చివర ఆయన ఇండోర్ వెళ్లి కొంతకాలం పత్తిపై పనిచేశారు. 1943 నాటి బెంగాల్ కరువు దేశాన్ని కుదిపివేసింది. ఆ తర్వాత 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ ఏర్పడగా, రామయ్య దానికి తొలి డైరెక్టరయ్యారు.

కటక్ నుంచి బాపట్ల దాకా

మన దేశవాళీ వరి పొడుగ్గా పెరిగి, ఎరువు ఎక్కువైతే పడిపోయేది. జపాన్ వరి ఎరువుకు తట్టుకునేది గాని, మన పగటి వేళలకు, మన వేడికి గడువు కాకుండానే ఈని దిగుబడి ఇచ్చేది కాదు. ఈ రెండింటినీ సంకరపరచాలన్న రామయ్య ఆలోచనతో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 1950 తర్వాత కటక్‌లో పెద్ద పథకం నడిపింది. పుట్టిన మొక్కల్లో అధికభాగం తాలే. అన్ని సంకరాల్లో రైతుల దాకా చేరినవి కొద్ది మాత్రమే. వాటిలో ఒకటి తంజావూరు ప్రాంతానికి ఇచ్చిన ఎ.డి.టి. 27. మరొకటి మలేసియాలో 1965లో విడుదలయిన మసూరి. అది మన రాష్ట్రానికి వచ్చి, రైతు నుంచి రైతుకు చేతులు మారి వ్యాపించింది.

మారుటేరులో 1982లో వచ్చిన స్వర్ణ, వసిష్ఠ - మసూరి సంకరం. బాపట్లలో 1986లో వచ్చిన సాంబమసూరి, అంటే బి.పి.టి. 5204, జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల కలయిక. అంటే రామయ్య తొలి కొలువులో పుట్టిన రకం, చివరి పథకం నుంచి వచ్చిన రకం మన కంచంలోని అన్నంలో కలిశాయన్నమాట.

ఆయనకు 1957లో పద్మశ్రీ, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1968 నుంచి 1974 వరకు నామినేటెడ్ సభ్యునిగా రాజ్యసభలో ఉన్నారు. 1988లో కన్నుమూశారు.

ఈనికకు కారణమైన జన్యువుల్లో ముఖ్యమైన దానిని జపాన్ శాస్త్రవేత్తలు 2000లో గుర్తించి హెచ్.డి.1 అని పేరుపెట్టారు. పగలు తగ్గినప్పుడు ఇది ఈనికను ముందుకు తోస్తుంది, పగలు పొడవైనప్పుడు ఆపుతుంది. ఇది చెడిన రకాలు పగటిని అంతగా పట్టించుకోవు. ఇలాంటి జన్యువులు ఇంకా అనేకం బయటపడ్డాయి. మసూరికి మూలమైన తైచుంగ్ 65 రకంలో ఇటువంటివి రెండు పనిచేయవనీ, అందువల్లే అది వెచ్చని తైవాన్‌లో గడువుకు ముందు ఈనకుండా నిలిచిందనీ తేలింది.

వానలు వెనుకపడి, కాలువ నీరు ఆలస్యమయ్యే ఏడు ఈ తేడాయే పంటను నిలబెడుతుంది, లేదా ముంచుతుంది. అందుచేత కొత్త రకం తెచ్చుకునేటప్పుడు దిగుబడి, ధరతోపాటు మరో రెండు సంగతులు కూడా వ్యవసాయాధికారిని అడగాలి: ఆలస్యంగా నాటితే ఇది ఎప్పుడు ఈనుతుంది, అప్పటికి మన మడిలో నీరుంటుందా? రామయ్య జీవితమంతా వెదికింది ఆ లెక్కనే.