కెప్టెన్ చెల్లించిన వెల

హాకీ అనగానే మనలో చాలామందికి ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారతదేశానికి తొలి బంగారు పతకం తెచ్చింది ఆయన ఆడిన జట్టే. ఆ జట్టు కెప్టెన్ ఎవరని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తక్కువ. ఆయన జైపాల్ సింగ్ ముండా. ఆదివాసీ పల్లెలో పుట్టి, మిషన్ బడిలో అక్షరాలు దిద్ది, ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి, తిరిగి తన ప్రజల మధ్యకు వచ్చిన మనిషి. సంఘ పెద్దలను ఎన్నుకునేటప్పుడు, యూత్ కమిటీలు వేసుకునేటప్పుడు నాయకుడెలా ఉండాలన్న ప్రశ్న మన మధ్య తరచూ వస్తుంది. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

జైపాల్ 1903 జనవరి 3న నేటి ఝార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టక్రా అనే ముండా గ్రామంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. పశువులు కాసిన ఆ పిల్లవాడు రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ పాఠశాలలో చేరాడు. అతనిలోని చురుకుదనాన్ని గమనించిన ప్రిన్సిపాల్ కెనన్ కాస్‌గ్రేవ్ తనతో ఇంగ్లాండు తీసుకువెళ్లారు. జైపాల్ మొదట కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్స్ కళాశాలలో, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివారు. ఈ యువకుడు ఒకనాడు గురువై సువార్త ప్రకటిస్తాడని మిషనరీలు ఆశించారు. ఆయన ఆ దారిన వెళ్లలేదు. అయినా వారు నాటిన విత్తనం వృథా అయిందని మేము అనలేము. దేవుడు మనుషులకు అప్పగించే పని ఎల్లప్పుడూ పుల్పిట్ మీదే ఉండదు కదా.

ఆక్స్‌ఫర్డ్‌లో జైపాల్ చదువులోనూ చర్చావేదికలోనూ రాణించారు. హాకీలో విశ్వవిద్యాలయం ఇచ్చే 'బ్లూ' గౌరవం పొందారు. ఆయన ఆడిన స్థానం ఫుల్ బ్యాక్, అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలిచే ఆఖరి కాపలా. గోల్స్ కొట్టి పేరు తెచ్చుకునే స్థానం కాదది. కాని అక్కడ నిలబడినవాడికి మైదానమంతా కనిపిస్తుంది. ముందున్నవారిలో ఎవరు అలసిపోయారో, ఎటువైపు ఖాళీ పడిందో అతనికి తెలుస్తుంది. ఆట మొదలయ్యాక ఆటగాడిని మార్చే వీలు ఆ రోజుల్లో లేదు. దిగిన పదకొండుమందే చివరి వరకు ఆడాలి. బయటినుంచి సరిదిద్దుకునే అవకాశం అంత తక్కువగా ఉన్నప్పుడు మైదానంలో కెప్టెన్ మాటకు ఎంత బరువుంటుందో ఊహించుకోవచ్చు.

1928 నాటికి జైపాల్ ఐ.సి.ఎస్.కు ఎంపికై ఇంగ్లాండులో శిక్షణ పొందుతున్నారు. ఆ కాలంలో ఒక భారతీయుడికి అంతకు మించిన ఉద్యోగం లేదు. సరిగ్గా అప్పుడే ఒలింపిక్ జట్టుకు కెప్టెన్‌గా ఉండమని కబురు వచ్చింది. ఆయన సెలవు అడిగారు. పైవారు ఇవ్వలేదు. ఉద్యోగమా, జట్టా అని తేల్చుకోవలసి వచ్చింది. జైపాల్ సెలవు లేకుండానే జట్టుతో ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిపోయారు.

ఆ జట్టు ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. భారత హాకీ సమాఖ్య ఏర్పడి అప్పటికి మూడేళ్లే. బొంబాయిలో ఓడ ఎక్కిన ఆటగాళ్లను సాగనంపడానికి వచ్చినవారు ముగ్గురే. జట్టులో ఆంగ్లో ఇండియన్ క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, సిక్కులున్నారు, సైన్యంలో చిన్న ఉద్యోగి అయిన ధ్యాన్‌చంద్ ఉన్నారు. వారి భాషలు, అలవాట్లు, అంతస్తులు వేరు. అలాంటివారిని నడిపించడానికి వచ్చినవాడు ముండా పల్లె బిడ్డ. లీగ్ మ్యాచ్‌లలో ఆస్ట్రియాపై 6, బెల్జియంపై 9, డెన్మార్క్‌పై 5, స్విట్జర్లాండ్‌పై 6 గోల్స్ చేశారు. మే 26న జరిగిన ఫైనల్‌లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించారు. మొత్తం 29 గోల్స్. వాటిలో 14 ధ్యాన్‌చంద్‌వి. గోల్‌కీపర్ రిచర్డ్ ఆలెన్ కాపాడిన మన గోల్‌లోకి ఒక్క బంతీ పోలేదు.

అయితే ఆ ఫైనల్‌లో జైపాల్ మైదానంలో లేరు. మేనేజర్‌తో వచ్చిన విభేదాలే కారణమని చెబుతారు. చివరి ఆటకు బ్రూమ్ పిన్నిగర్ జట్టును నడిపించారు. కొందరు ఆటగాళ్లు అస్వస్థులయ్యారు. ధ్యాన్‌చంద్ జ్వరంతోనే ఆడారు. అయినా జట్టు చెదరలేదు. కెప్టెన్ లేని రోజున కూడా ఎవరి స్థానంలో వారు నిలబడి ఆడారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. నాయకుడు ఒక్క ఆదివారం ఊళ్లో లేకపోతే ఆరాధన తడబడే సంఘాలు మనకు తెలుసు. తాళాలు, లెక్కలు, నిర్ణయాలు అన్నీ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. అది నాయకుని బలమని మనం పొరబడతాము. తాను లేనప్పుడు కుప్పకూలే పనిని నిలబెట్టినవాడు ఇంకా నాయకత్వం నేర్చుకోలేదనే చెప్పాలి.

విజయం తరువాత జైపాల్‌కు దొరికింది సన్మానం కాదు. అనుమతి లేకుండా వెళ్లినందుకు ఐ.సి.ఎస్. శిక్షణ మరో సంవత్సరం చేయాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగాన్నే వదులుకున్నారు. తరువాత బర్మా షెల్ కంపెనీలో పనిచేశారు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో అచిమోటా కళాశాలలో, ఆ పిమ్మట రాయ్‌పూర్‌లోని రాజ్‌కుమార్ కళాశాలలో బోధించారు. బికనీర్ సంస్థానంలోనూ పదవి నిర్వహించారు. కెప్టెన్ అన్న పిలుపు కొన్ని వారాలే. దానికి చెల్లించిన వెల ఒక జీవితకాలపు ఉద్యోగం.

1939 జనవరిలో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు ఆయన అధ్యక్షులయ్యారు. ప్రజలు ఆయనను మరంగ్ గోమ్కే, అంటే పెద్ద నాయకుడు, అని పిలుచుకున్నారు. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ డిసెంబరులో చేసిన ప్రసంగంలో, ఇతరులు హేళనగా వాడే జంగిలీ అన్న మాటను ఆయన సిగ్గుపడకుండా తనకే అన్వయించుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కరలేదని, వారి దగ్గరే మిగతావారు నేర్చుకోవాలని చెప్పారు. సభలో స్త్రీలు చాలడం లేదని కూడా అడిగారు. ఫుల్ బ్యాక్‌గా నిలిచినప్పటి చూపే ఇది. బంతి అందనివారు ఎక్కడున్నారో వెతికే చూపు.

ఆయన జీవితంలో ఓటమి లేదని చెబితే అది సత్యం కాదు. ఆయన నడిపిన ఝార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో 30కి పైగా స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. పార్టీ బలం తగ్గుతున్న దశలో, 1963లో ఆయన దానిని కాంగ్రెస్‌లో కలిపేశారు. వెంట నడిచిన అనేకులు గాయపడ్డారు. తమ నాయకుడే తమను మధ్యలో వదిలేశాడనుకున్నారు. ఆయన ఉద్దేశం ఏదైనా, ఆ గాయం నిజం. జట్టు వెంటరాని నిర్ణయం ఎంత తెలివైనదైనా జట్టును విరుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ విజయంతోపాటు ఈ పాఠాన్నీ మనం ఆయన జీవితంనుంచే నేర్చుకోవాలి.

1970 మార్చి 20న ఢిల్లీలో జైపాల్ సింగ్ కన్నుమూశారు. ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న ఏర్పడింది. మోషే నెబో కొండమీదనుండి వాగ్దాన దేశాన్ని చూశాడే గాని అందులో అడుగుపెట్టలేదు. జైపాల్‌కు దూరంనుంచి చూసే భాగ్యమైనా దక్కలేదు. ఫైనల్ ఆడని కెప్టెన్, తాను కోరిన రాష్ట్రాన్ని చూడని నాయకుడు. అయినా ఆ పతకాన్ని, ఆ రాష్ట్రాన్ని ఆయన పేరు లేకుండా తలచుకోలేము.

ప్రియ పాఠకులారా, ఈసారి మీ సంఘంలో ఒకరిని బాధ్యతకు ఎన్నుకునేటప్పుడు, వారు ఎంత బాగా మాట్లాడతారన్నది కాసేపు పక్కన పెట్టండి. జట్టుకోసం ఏమి వదులుకోగలరో, తమ తరువాత నిలబడేవారిని తయారుచేస్తున్నారో లేదో చూడండి. ఇప్పటికే బాధ్యతలో ఉన్నవారు పెద్ద నిర్ణయానికి ముందు తోటివారిని ఒక్కమాట అడగండి. అలాంటి నాయకులను ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.