పావెల్ ఉరిసోన్: స్నేహితుడు నిలబెట్టిన లెక్క

బిందువుకు కొలత లేదు, రేఖకు ఒకటి, తలానికి రెండు, ఘనానికి మూడు అని హైస్కూల్లో మనమంతా చదువుకున్నాం. కానీ 1890లో ఇటలీ గణితవేత్త పియానో, ఒకే ఒక వక్రం చదరం మొత్తాన్ని నింపగలదని చూపించారు. దాంతో వక్రం అంటే ఏమిటి, డైమెన్షన్ అంటే ఏమిటి అన్నవే పెద్ద ప్రశ్నలయ్యాయి. వాటికి జవాబు చెప్పిన వారిలో ముఖ్యులు పావెల్ ఉరిసోన్.

ఆయన 1898లో నల్లసముద్ర తీరంలోని ఒడెస్సాలో పుట్టారు. 1915లో మాస్కో విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదవడానికి చేరి, లూజిన్, ఎగోరోవ్ గార్ల పాఠాలు విని గణితం వైపు మళ్ళారు. 1921లో ఎగోరోవ్ గారు వక్రానికి, ఉపరితలానికి సరైన నిర్వచనం కనిపెట్టమని ఆయనకు అప్పగించారు. ఆ వేసవంతా ఉరిసోన్‌కు అదే ధ్యాస.

ఆయనకు తట్టిన ఆలోచనను కంచెతో పోల్చి చెప్పుకోవచ్చు. రేఖ మీద ఒక బిందువును చుట్టుపక్కల నుంచి వేరు చేయడానికి అటొకటి, ఇటొకటి రెండు బిందువులు చాలు. తలంలో అయితే చుట్టూ గీత గీయాలి. గదిలో ఎగిరే ఈగను ఆపడానికి గీత చాలదు, బుడగ లాంటి ఉపరితలం కావాలి. ఎంత చిన్న కంచె వేసినా సరే, కంచె డైమెన్షన్‌కు ఒకటి కలిపితే ఆ ప్రదేశం డైమెన్షన్ వస్తుంది. దాదాపు అదే కాలంలో వియన్నాలో కార్ల్ మెంగర్ కూడా విడిగా ఇదే దారి పట్టారు.

1924 వేసవిలో ఉరిసోన్ తన మిత్రుడు అలెగ్జాండ్రోవ్‌తో కలిసి బాన్‌లో హౌస్‌డార్ఫ్‌ను, హాలెండ్‌లో బ్రౌవర్‌ను కలుసుకున్నారు. బ్రౌవర్ 1913 నాటి వ్యాసంలో లోపం ఎత్తిచూపింది ఉరిసోనే. అయినా ఆ పెద్దాయన ఆయనను ఆప్యాయంగా ఆదరించారు. అక్కడి నుంచి మిత్రులిద్దరూ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి వెళ్ళారు. ఆగస్టు 17న సముద్రంలో ఈతకు దిగారు. అలల ధాటికి అలెగ్జాండ్రోవ్ బయటపడ్డారు, ఉరిసోన్ బయటపడలేదు. అప్పటికి ఆయన వయసు 26.

మిగిలిన కాగితాలను అలెగ్జాండ్రోవ్, బ్రౌవర్ సరిచూసి అచ్చుకు పంపారు. డైమెన్షన్ మీద పెద్ద గ్రంథం 1925, 1926లలో వెలువడింది. సెపరబుల్ మెట్రిక్ స్పేసులన్నీ తమ దూరాలు చెడకుండా ఇమిడిపోయే ఒకే స్పేస్ గురించిన వ్యాసం 1927లో వచ్చింది.

మన బడి నుంచి వెళ్ళి ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివినవారికి టోపాలజీలో ఉరిసోన్ లెమ్మా తప్పక తగిలి ఉంటుంది. అలెగ్జాండ్రోవ్ 1982 దాకా జీవించారు. తోటివాడి పనిని తన పనిగా భావించిన ఆ స్నేహం వల్లనే అంత విద్య సముద్రం పాలు కాకుండా మన దాకా వచ్చింది.